రెప్ప కొట్టని బల్లి

జీపు డ్రైవరు ఇమ్మానుయేలు నోరు తెరిచాడంటే ఆళ్లగడ్డ బస్టాండు పక్క హన్నమ్మ టీకొట్టులో గ్లాసులు కడిగే చప్పుడు కూడా ఆగిపోతుంది. ఆ పొద్దు మాత్రం అతను ఊరికే కోతలు కొయ్యడం లేదు. పాములూ కప్పలూ ఏది ఏ జాతో తేల్చే నంద్యాల సారు మళ్లీ నల్లమల ఎక్కుతున్నాడు. నాలుగు నెలలకు జీపు మాట్లాడమని శిష్యురాలు లీలావతిని పంపాడు. ఆ అమ్మాయి ఎదుటి బల్ల మీదే టీ తాగుతోంది. ఈ బాడుగ చేజారితే మళ్లీ అహోబిలం యాత్రికుల్ని కుక్కుకుని తిరగాల్సిందే.

"పోయినేడు సారును అడివికి తోలుకపోయింది ఎవరనుకుంటివమ్మా? నేనే. దావలో ఒక పురుగు కనపడె. కాళ్లు లేవు. పామో బల్లో సారుకే తెల్లే. రెప్ప కొడితే బల్లి, కొట్టకుంటే పాము, చూస్తా వుండు ఇమ్మానుయేలూ అనె. బారెడుండె."

"బారెడా?" అన్నాడు అప్పుడే వచ్చి కూర్చున్న హనుమంతు. ఆనాడు వాళ్లకు దారి చూపిన చెంచు అతనే.

"ఇనప్పా! దగ్గరికి పోతే మూడు బారలు! నేను దాన్ని చూస్తాండా, అది నన్ను చూస్తాంది. పొద్దు గూకె, తెల్లారె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో దినానికి నా కంట్లో సాలెపురుగు గూడు కట్టె!"

"కూడన్నా తినలేదా?" హన్నమ్మ పొంగుతున్న పాలు దించింది.

"నమిల్తే రెప్ప పడదా అక్కా! అప్పటికది పెరిగి పెరిగి, తల దిగువ అహోబిలంలో, తోక ఎగువ అహోబిలంలో. బస్సులు నిలబడిపాయె. కడాకు నా చూపుకు తాళలేక అదే రెప్ప కొట్టె. బల్లేరా అని సారు నన్ను ఎత్తుకునె. దానికి నా పేరే పెడ్తాననె!"

లీలావతి కూడా నవ్వింది. బాడుగ ఖాయమైపోయిందని ఇమ్మానుయేలు ఛాతీ పొంగింది.

హనుమంతుకు చూపించి, ఇలాంటివే వెతికించాలని తెచ్చిన సీసాను ఆమె సంచిలోంచి తీసింది. అందులో జానెడు పురుగు, నడుముకు దారంతో కట్టిన చీటీ. "దొరికిన ప్రతిదానికీ సారు చీటీ కడ్తాడన్నా" అని చదివింది. "తొంభై ఏడు, ఆగస్టు. అహోబిలం దావ. కాళ్లు లేని బల్లి. మా జీపు ఎనక్కు తిప్పుతాంటే చక్రం కింద పడి చచ్చింది."

హనుమంతు తొంగి చూశాడు. "ఇది మూడు దినాలు రెప్ప కొట్టలేదంటే నిజమేలే అన్నా."

"జీపన్నాక ఎనక్కు తిప్పరామ్మా?" ఇమ్మానుయేలు గొంతు సన్నబడింది.

"సారుకు ఆ డ్రైవరు పేరు గుర్తులేదన్నా" అంది లీలావతి సీసా మూత బిగిస్తూ. "దీన్ని చంపిన జీపు తప్ప ఏదైనా మాట్లాడమన్నాడు. అదేదో తెలీక పొద్దున్నుంచి ఇచారిస్తాండా. నువ్వే చెప్పితివి."