నలభయ్యొక్క కిలోల వంతెన

"ఈ కాయితం మీ కోటు జేబుల ఎన్ని రోజుల సంది ఉన్నది?"

"ఏ కాయితం?"

"నా చేతులనే ఉన్నది, చూస్తనే ఉన్నరు. స్కూల్ నుంచి వచ్చింది. పైన నిఖిత పేరున్నది."

"అదా. అది... రెండు వారాలైతది. చెప్దామనుకున్న, మర్చిపోయిన."

మాంచెస్టర్‌లో 2005 జూన్ నెల, ఒక బుధవారం సాయంత్రం నాలుగున్నర. డాక్టర్ల సర్జరీలో, అంటే పేటలోని క్లినిక్‌లో, రిసెప్షన్ పని ముగించుకుని వచ్చిన పుష్పలీల, కారు తాళాల కోసం భర్త గోపాల్‌రావు కోటు వెతికితే ఆ ఉత్తరం దొరికింది. పదేళ్ళ కూతురు నిఖిత మేడమీద తన గదిలో ఉంది. మూడు వారాల క్రితం స్కూల్ వంతెనల పోటీ మొదటి రౌండులో ఆ పిల్ల గెలిచిన కప్పు వంటింట్లో ఫ్రిజ్ మీద ఉంది.

"మర్చిపోయిన్రా, దాచిపెట్టిన్రా?"

"దాచిపెట్టుడేంది లీలా. ఆఫీసుల సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండె, ఆ తొందరల..."

"నేను చదువుత, వినున్రి. ఫైనల్‌కు వచ్చిన పిల్లలు అక్కడికక్కడే, జడ్జీల ముందట కూసోని, రెండు గంటలల్ల కొత్త బ్రిడ్జి కట్టాలెనట. తల్లిదండ్రులు హాల్లకు రావద్దట. ఎప్పుడు? రేపు. రేపు పొద్దున పదింటికి."

"నేను చదవలేదా ఏంది."

"చదివిన్రు కాబట్టే దాచిన్రు. నేననేది అదే."

"జర మెల్లగ మాట్లాడు. అది వింటది."

"వినని. దానికి తెల్వనిది ఏమున్నది? గిదే టేబుల్ మీద రెండు వందల ఐస్‌క్రీమ్ పుల్లలు పెట్టి బ్రిడ్జి కట్టిందెవలో దానికి తెల్వదా?"

"ఇద్దరం కట్టినం."

"ఇద్దరమా. అది కట్టిన పుల్ల ఒక్కటి చూపియ్యున్రి."

"పుల్లలు ఏరింది. వంకరవి ఒక దిక్కు, మంచివి ఒక దిక్కు. అది చిన్న పనా?"

"ఏరింది. బియ్యంల రాళ్ళు ఏరినట్టు ఏరి మీ ముందట పెట్టింది. జిగురు ముట్టవోతే చెయ్యి మీద కొట్టిన్రు."

"కొట్టలే. చెయ్యి పక్కకు జరిపిన. ఆరకముందు ముట్టుకుంటే జాయింట్ వదులైతది, ఎన్నిసార్లు చెప్పాలె దానికి."

"ఆఫీసు కంప్యూటర్ల డ్రాయింగ్ గీసుకొచ్చిన్రు. గరుకు కాయితంతోని ఒక్కొక్క పుల్ల రుద్దిన్రు. వారం రోజులు నా వంటింట్ల చెక్కపొడి. కూరల గూడ చెక్కపొడి."

"నలభయ్యొక్క కిలోలు మోసింది లీలా. ఇంక పెడ్దామంటే బరువులే లేవన్నడు జడ్జి."

"అవును. పదేండ్ల పిల్ల కట్టిందన్న బ్రిడ్జి, పదేండ్ల పిల్లను ఎక్కిచ్చినా విరగదు. అప్పుడైనా మీకు సిగ్గనిపియ్యాలె."

"అందరు చేసేదే నేను చేసిన. దాని క్లాసుల జార్జ్ వాళ్ళ నాయిన గ్యారేజిల మిషన్ పెట్టి కోసిండు. ఇంకొకాయన తన ఆఫీసు ఆర్కిటెక్ట్‌తోని గీయించిండు. నేనొక్కణ్ణే దొంగనా?"

"వాళ్ళ సంగతి నాకెందుకు? వాళ్ళు నా పక్కన పండుకుంటలేరు."

"సాయం చెయ్యొచ్చని రూల్సుల ఉన్నది."

"సాయమంటే, అది కత్తి పట్టుకున్నప్పుడు పక్కన నిలవడుడు. కూలిపోతే ఎందుకు కూలిందే అని అడుగుడు. అది సాయం."

"కూలితే ఏడ్వదా?"

"ఏడుస్తది. ఏడ్సి, మొఖం కడుక్కొని, మల్ల కడ్తది. మీరు ఏడ్వనియ్యలేదు, కట్టనియ్యలేదు."

"ఇప్పుడు ఇన్ని మాట్లాడుతున్నవ్. ఆ దినం ఏమన్నవ్? చీర కట్టుకొని వచ్చి, దాని పక్కన నిలవడి, కప్పు పట్టుకొని ఫోటో దిగినవ్. మీ అమ్మకు పంపినవ్ గూడ."

"అది వేరే సంగతి."

"ఎట్ల వేరే?"

"వేరే అంటున్న కదా. మాట మార్చకున్రి. నాకు మీ మీద రోత పుట్టింది ఎప్పుడో చెప్పాల్నా?"

"చెప్పు. ఎట్లైనా చెప్తవ్."

"పోటీకి పోయే దినం పొద్దున. అంతా అయినంక దాన్ని పిలిచిన్రు. డాడీ పిలిచిండని మస్తు సంబురంగ ఉరికొచ్చింది. దానితోని ఏం చేయించిన్రు?"

"అది... మరీ నీట్‌గ ఉండె లీలా. అంత నీట్‌గ ఉంటే..."

"ఉంటే?"

"జడ్జీలకు అనుమానమొస్తదని."

"అనుమానమొస్తదని తడి జిగురు పూసి, దాని బొటనవేలు పట్టుకొని అద్దిన్రు. నాలుగు దిక్కుల. పిల్ల చేసినట్టు కనవడాలెనని. చదువురాని ముసలమ్మను రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకపోయి భూమి కాయితం మీద వేలిముద్ర ఏయించుకున్నట్టు."

"అంత పెద్ద మాటలెందుకు?"

"అది నవ్వింది. ఆట అనుకొని నవ్వింది. ఆ నవ్వు యాదికొస్తే మీరు తాగిన గ్లాసు ముట్టబుద్ధి అయితలేదు నాకు."

"నువ్వు ప్రతిదాన్ని గిట్లనే ఖరాబు చేస్తవ్."

"నేను ఖరాబు చేసిన్నా? జడ్జి అడిగితే ఏం చెప్పాలెనో రాసిచ్చి బట్టీ పట్టించిందెవలు? పండ్లు తోముకునేటప్పుడు గూడ అదే పాఠం. త్రికోణం పెడితే బరువు అన్ని దిక్కుల పంచుకుంటది, త్రికోణం పెడితే బరువు అన్ని దిక్కుల పంచుకుంటది."

"తప్పా అది? కరెక్ట్ కదా. జడ్జి అడిగితే ఫటాఫట్ చెప్పింది."

"చెప్పేముందు మీ దిక్కు చూసింది. నేను చూసిన. ఆ జడ్జి గూడ చూసిండు."

"చూసినా కప్పు ఇచ్చిండు."

"ఇచ్చిండు. అనూష అక్కడ్నే నిలవడి ఉండె."

"ఏ అనూష?"

"నీలిమ బిడ్డ. సెకండొచ్చిన పిల్ల."

"ఆ గుంటూరోళ్ళ పిల్లనా. పన్నెండు కిలోలు."

"పన్నెండు కిలోలు, సొంత చేతులతోని. ఆ పిల్లను చూస్తే మనది పైకి ఉరుకుతున్నది. మూడు వారాల సంది మాట లేదు ఇద్దరికి."

"ఆ పిల్లకే కుళ్ళు అయి ఉంటది."

"కాదు. ఆ పిల్ల రెండుసార్లు మనింటికి వచ్చింది. మనదే తలుపు తియ్యనన్నది. మొన్న నీలిమ ఇన్‌హేలర్ చిట్టీ కోసం సర్జరీకి వచ్చింది. కౌంటర్ల నేనే ఉన్న. 'కంగ్రాట్స్ అక్కా, మీ అమ్మాయి చాలా బాగా కట్టిందంట' అన్నది. నా మొఖం చూడకుండ అన్నది."

"నువ్వేమన్నవ్?"

"థాంక్స్ అన్న. ఏమంట మరి?"

"చూసినవా."

"ఏం చూడాలె?"

"ఏం లేదు. లీలా, నా మాట ఒక్కటి వింటవా? ఆరేండ్లు ఆ స్కూల్ గేటు దగ్గర నిలవడ్డ. వానల, చలిల. ఒక్కడు నా పేరు అడగలె. ఆ దినం హెడ్‌టీచర్ తనంతట తాను వచ్చి చెయ్యి కలిపిండు. నిఖిత వాళ్ళ ఫాదర్ మీరేనా అని అడిగిండు."

"అట్లనా. అయితే మీ చెయ్యి కోసం కట్టిన్రన్నట్టు."

"నీతోని చెప్పుడు నాదే తప్పు."

"సరే, రేపటి సంగతి చెప్పున్రి. ఏం చేద్దామని కాయితం దాచిన్రు?"

"ఏముంది... ఒంట్ల బాగలేదని చెప్దామని."

"ఎవలికి బాగలేదని?"

"నిఖితకు. పిల్లలకు రాదా ఏంది. నీ సర్జరీల అపాయింట్‌మెంట్ కార్డులు ఉంటయి కదా, ఆ పచ్చయి. రేపు పదింటికి డాక్టర్ చూస్తడని ఒక్క కార్డు రాసుకొస్తే, స్కూల్ల చూపిచ్చి..."

"నా కార్డా?"

"ఒక్క కార్డే లీలా."

"ఛీ. అంత అల్కగ ఎట్లొచ్చింది ఆ మాట మీ నోట్లెకెళ్ళి? ఆ కార్డు కోసం ముసలోళ్ళు పొద్దున ఎనిమిదింటి సంది తలుపు దగ్గర దగ్గుకుంట నిలవడ్తరు. మంచిగున్న పిల్లకు నేను రోగం రాసియ్యాల్నా?"

"పోతే ఏమైతదో ఆలోచించినవా? రెండు గంటలల్ల అదేం కడ్తది? కత్తి పట్టుడొస్తదా దానికి? అందరికి సమజైపోతది."

"కాని."

"కప్పు వాపస్ తీసుకుంటరు."

"తీసుకునుడెందుకు, నేనే పోయి ఇచ్చొస్త."

"మాటలు చెప్పుడు అల్కనే."

"చేసి చూపిస్త. నిఖితా... నిఖితా, కిందికి రా."

నిఖిత మెట్లు దిగి వచ్చింది. ఆమె చేతుల్లో మూతలేని బూట్ల డబ్బా ఉంది.

"రేపటి సంగతి తెలుసా నీకు?"

"యెస్. మిస్ చెప్పింది. అక్కడనే బిల్డ్ చెయ్యాలె. డాడీ నాట్ అలౌడ్."

"తెలిసి మాకెందుకు చెప్పలేదే?"

"డాడీ హాడ్ ద లెటర్. డాడీ చెప్తడనుకున్న."

"ఆ డబ్బాల ఏమున్నది?"

"నథింగ్."

"చూపియ్."

"నేను ఒకటి చేసిన. బిన్‌ల పడేసిన స్టిక్స్ ఉండె కదా, వంకరవి. వాటితోని. ఇట్స్ రబ్బిష్, మమ్మీ. లెఫ్ట్ సైడ్ వంగింది."

"ఎప్పుడు చేసినవ్?"

"ఎవ్రీ డే. ఆఫ్టర్ స్కూల్."

"బరువు మోస్తదా?"

"త్రీ షుగర్ ప్యాకెట్స్. ఫోర్ పెడితే మిడిల్‌ల విరిగింది. మల్ల కట్టిన. అగెయిన్ విరిగింది. ఇది థర్డ్ వన్."

"మూడు కిలోలు. విన్నవా లీలా? నలభయ్యొక్క కిలోలతోని గెలిచిన పిల్ల రేపు మూడు కిలోల బ్రిడ్జి కడ్తదట."

"మీరు ఊకోన్రి. నిఖితా, నా దిక్కు చూడు. డాడీ దిక్కు కాదు, నా దిక్కు. రేపు పోవాలెనని ఉన్నదా నీకు?"

"ఉన్నది."

"ఓడిపోతవేమో."

"ఐ నో. ఐ డోంట్ మైండ్. అనూష కూడ వస్తది. దానికి సారీ చెప్పాలె."

"అయితే పో. పొద్దున నేనే దింపుత. సర్జరీకి లేటుగ పోత."

"లీలా, జర ఆలోచించు..."

"అయిపోయింది. దాని మూడు కిలోలు దానివి. ఇగ ఎవలు ఏం మాట్లాడకున్రి."

హాల్లో ఫోన్ మోగింది. పుష్పలీల వెళ్ళి తీసింది. అవతల నిఖిత టీచర్ మిసెస్ హోల్‌రాయిడ్. మాటలు ఇంగ్లిష్‌లో సాగాయి. వంటింట్లో ఉన్న తండ్రీ కూతుళ్ళకు పుష్పలీల మాటలు మాత్రమే వినబడ్డాయి.

"హలో మిసెస్ హోల్‌రాయిడ్. మంచి సమయానికే చేశారు. రేపటి గురించే అనుకుంటున్నాం. నిజానికి నేనే మీకొక మాట చెప్పాలి, ఆ వంతెన విషయం..."

"లేదు, పర్వాలేదు. ముందు మీరు చెప్పండి."

"ఫిర్యాదా? స్కూల్‌కి రాశారా?"

"ఎంతమంది తల్లిదండ్రులు?"

"పదకొండు మందా."

"పేర్లు చెప్పకూడదని తెలుసు. మా సర్జరీలో కూడా అంతే. అవును... అవును, దాదాపు అందరూ మా దగ్గరికే వస్తారు. రోజూ చూసేవాళ్ళే."

"నేను అబద్ధం చెప్పనని వాళ్ళతో అన్నారా మీరు? చాలా థాంక్స్. అంత నమ్మకం..."

"లేదు లేదు, అడగడం మీ బాధ్యత. అడగండి."

"తనే కట్టింది."

"అవును, ఒక్కతే. నేను అక్కడే ఉన్నాను. మా వంటింట్లోనే, నా కళ్ళ ముందే. వాళ్ళ నాన్న కత్తి వాడేటప్పుడు పక్కన నిలబడ్డారు, అంతకుమించి ఏమీ లేదు."

"రేపా? రేపు అక్కడ కట్టి చూపిస్తే ఎవరూ ఏమీ అనలేరు, అవును. నాకు అర్థమైంది."

"అదే చెప్దామనుకున్నాను. రేపు... రేపు తను రావడం కుదరదండీ. స్కూల్ నుంచి వచ్చినప్పటి నుంచి ఒంట్లో బాగాలేదు తనకి. పడుకుని ఉంది."

"తప్పకుండా చెప్తాను. థాంక్యూ. ఉంటానండీ."

పుష్పలీల వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"లీలా."

"నాతోని మాట్లాడకున్రి."

"నేనేమన్లే. మంచిపనే చేసినవ్."

"మంచిపని అనకున్రి. నన్ను మీతోని కలపకున్రి."

"సరే, అనను."

"పదకొండు మంది సంతకాలు పెట్టిన్రు. రేపు ఎనిమిదిన్నరకు ఆ కౌంటర్ల కూసునేది నేను. మీరు కాదు. వాళ్ళ మొఖాలు చూసేది నేను."

"నేనేమన్న అంటున్ననా?"

"నిఖితా, అట్ల చూడకే. వచ్చే ఏడు పోదువు. వచ్చే ఏడు నువ్వే కడ్దువు, ఎవలను ముట్టనియ్య. విన్నవా?"

"ఓకే, మమ్మీ."

"కోపమొచ్చిందా?"

"నో."

"మరి ఏంది, గట్ల నిలవడ్డవ్? ఏమన్నా అడుగుతవా?"

"నాకేమైంది, మమ్మీ? జ్వరమా, కడుపునొప్పా? ఫ్రైడే మిస్ అడిగితే ముగ్గురం ఒక్కటే చెప్పాలె కదా."