రెండో దూలానికి సంతకం పెట్టని మేడమ్ గారు

పగిలిన దూలానికి రంగు పూయించి, వంతెన కొత్తదానిలా మెరుస్తోందని ఫొటోలు దిగిన పెద్దలారా, పదవీ విరమణ చేస్తున్న మేడమ్ గారి ఈ వీడ్కోలు సభలో ముందు కుర్చీలు మీవే. పొగడ్తలు తర్వాత. ముందు వినండి.

1990 జూలై రెండో తేదీన మేడమ్ గారు మన వంతెనల విభాగంలో జూనియర్ ఇంజనీరుగా చేరారు. బరువు లారీ దాటేటప్పుడు దూలం ఎంత వేగంగా అదురుతుందో యంత్రంతో కొలిచి, పాత కొలతతో పోల్చి, లోపలి దెబ్బను పసిగట్టే విద్యకు తమ యావత్ ఉద్యోగ జీవితాన్నీ అంకితం చేశారు. దెబ్బతిన్న దూలానికి బిగువు తగ్గుతుంది, అదురు నెమ్మదిస్తుంది.

కొత్తలో ఒక పొరపాటూ చేశారు. మార్కెట్ పక్క వంతెన అదురు నెమ్మదించిందని రాకపోకలు ఆపించారు. ఊరంతా చుట్టూ తిరిగి పోతూ తిట్టిపోసింది. తీరా చూస్తే దూలం నిక్షేపంగా ఉంది. అంతకుముందే పైన మందంగా కొత్త తారు పోశారు, అదురు నెమ్మదించింది ఆ బరువుకి. అప్పటినుంచి ఆఫీసులో ఆవిడ తారు మేడమ్. ఆవిడా నవ్వారు. కానీ ఆ తర్వాత తారు మందం, అదురును మార్చేసే ఎండ వేడి చూడనిదే ఏ అంకెనూ నమ్మలేదు.

భర్త గారినడిగితే ఇంకోటి చెప్పారు. "నా గురక కూడా కొలిచిందండీ. నిరుటికన్నా నెమ్మదించిందట. పైన తారు ఎక్కువైంది, పొట్ట తగ్గించమంది."

పదోన్నతులు ఆలస్యంగా వచ్చాయి, బాధ్యతలు మాత్రం ముందే వచ్చాయి. చివరికి గూడ్స్ యార్డు దగ్గర ఏటి మీది వంతెన వచ్చింది. రెండో దూలం అదురు వేగం పడిపోయింది. తారు పాతదే, ఎండా లేదు. మళ్లీ కొలిచారు, అదే అంకె. వంతెన భద్రమని సంతకం పెట్టమని చీఫ్ గారు పిలిపించి, మళ్లీ తారేనా అని నవ్వారు.

"అప్పుడు నేను పొరబడితే జనానికి నడక ఎక్కువైంది సార్," అన్నారావిడ. "ఇప్పుడు మీరు పొరబడితే జనాన్ని నీళ్లలో వెతుక్కోవాలి."

సంతకం పెట్టలేదు. మీరు ఆ దూలానికే రంగు పూయించారు. రేపు ఆవిడ కుర్చీలోకి వచ్చేవాడు పెట్టేస్తాడని మీ ధీమా.

మేడమ్ గారు కుటుంబ సమేతంగా, సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు నూరేళ్లు సుఖంగా జీవించాలని ఈ విభాగం మనసారా కోరుకుంటోంది. అయితే వారిల్లు ఆ వంతెనకు అవతల ఉంది. సభ ముగిశాక మనవరాలిని వెంటబెట్టుకుని ఆ దారినే వెళ్తారు. వాళ్లు బయలుదేరేలోపు దాని మీద లారీలు ఆపించండి.