సర్వర్ రూముకు మనిషెందుకు?

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షులుగా కూర్చుని, నా మాటలు ఐదు నిమిషాలు దాటకూడదని ఇప్పుడే వాచీ చూపించి మరీ చెప్పిన మన కాలేజీ కరెస్పాండెంట్ శ్రీ రామసుబ్బయ్య గారికి, ఆ ఐదు నిమిషాలు నాకు చాలవని నా మొహం చూసే కనిపెట్టి నవ్వుకుంటున్న ప్రిన్సిపాల్ శ్రీదివ్య మేడం గారికి, అధ్యాపక మిత్రులకు, ఆఫీసు సిబ్బందికి, ఇన్నేళ్లూ నాతో పాటు పలకల దుమ్ము మింగిన ల్యాబుల వాళ్లకు, బయట ఎండకు తాళలేక లోపలికి వచ్చి, ఫ్యాన్ల కింద కూర్చున్న పాపానికి నా మాటలు కూడా వినవలసి వచ్చిన విద్యార్థులకు, ముందు వరసలో కూర్చుని 'తొందరగా కానీయ్' అని కళ్లతోనే చెబుతున్న నా భార్య హెప్సిబాకు, అందరికీ నమస్కారం.

నాకు ముందు మాట్లాడిన పెద్దలు నన్ను చాలా పొగిడారు. శాలువా బరువుగా ఉంది, పొగడ్తలు ఇంకా బరువుగా ఉన్నాయి. ఒకరైతే, జీవానందం గారు ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉండే మనిషి అన్నారు. అది నిజమే. కానీ ఎందుకు అందుబాటులో ఉండేవాడినో వాళ్లకు తెలియదు. ఇంట్లో కూర్చుని పని చేయడం చేతకానివాడు అందుబాటులో ఉండక ఏం చేస్తాడు? (నవ్వులు) మాది బేస్తవారిపేట. మీ మార్కులు, మీ హాజరు దాచిపెట్టే పెద్ద కంప్యూటర్లను సర్వర్లంటాం కదా, వాటిలో ఏదన్నా బిగుసుకుపోతే చాలు, నేను ఆదివారం ఆరాధన కూడా సగంలో వదిలిపెట్టి, మార్కాపురం బస్సెక్కి, బస్టాండు నుంచి ఆటోలో వచ్చి, రూము తాళం తీసి, ఆ పెట్టె ముందున్న బటన్ నొక్కి, అది లేచిందాకా దానికేసి చూసి, మళ్లీ బస్సెక్కి ఇంటికి పోయేవాడిని. ఒకసారి హెప్సిబా అడిగింది, "ఏం చేసొచ్చినావు?" అని. బటన్ నొక్కి వచ్చినా అన్నాను. "ఒక్క బటన్ నొక్కేదానికి బస్సెక్కి పోయినావా? ఆడ వేళ్లున్నోళ్లు ఎవురూ లేరా?" అంది. అది అందరికీ వచ్చే పని కాదులే అని గంభీరంగా చెప్పి, అన్నం పెట్టించుకుని తిన్నాను.

అట్లా హాయిగా కాలం గడిచిపోతూ ఉండగా ఫెబీ వచ్చింది. ఫెబీ మీ అందరికీ తెలుసు. అదిగో, ఆ తలుపు దగ్గర, ఎవరికీ కనబడకూడదని స్తంభం చాటున నిలబడి ఉంది. పుట్టిల్లు చంద్రశేఖరపురం, మెట్టింది మార్కాపురం, ఇద్దరు పిల్లల తల్లి. మూడేళ్ల కిందట కాంట్రాక్టు మీద నాకు సహాయంగా వేశారు. వచ్చిన మొదటి రోజే సర్వర్ల వెనక్కి పోయి, వంగి చూసి, "బాబాయ్, ఈ బెజ్జాల్లో దూది ఎవరు పెట్టినారు?" అంది. నేనే పెట్టినా తల్లీ, మనది పలకల ఊరు, చుట్టూ పలకలు కోసే ఫ్యాక్టరీలు, ఖాళీ బెజ్జం కనబడితే దుమ్ము దూరుతుంది గదా అన్నాను. ఆ తెలివికి మెచ్చుకుంటుందని కూడా అనుకున్నాను. ఆమె ఆ దూది వైపూ, నా వైపూ మార్చి మార్చి చూసింది. పెద్దవాణ్ణి కదా, తిట్టలేకపోయి ఉంటుంది.

ఎంబీఏ పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి ఆ బెజ్జం సంగతి చెబుతాను. ప్రతి సర్వరు లోపల ఇంకో చిన్న కంప్యూటరు ఉంటుంది. దాన్ని మేనేజ్‌మెంట్ కంట్రోలర్ అంటారు. పెద్దది బిగుసుకుపోయినా, ఆఫ్ అయిపోయినా, ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ ఈ చిన్నది మేలుకునే ఉంటుంది. దానికో వైరు పెట్టి, దూరం నుంచి మాట చెబితే, అదే పెద్దదాన్ని పడుకోబెడుతుంది, అదే లేపుతుంది. అంటే నేను బస్సెక్కి వచ్చి చేసే పని చేసేవాడు ప్రతి పెట్టెలోనూ మొదటి నుంచీ ఒకడు కూర్చుని ఉన్నాడు. నేను వాడి చెవుల్లో దూది కుక్కి, బస్సుల్లో తిరిగాను. (పెద్దగా నవ్వులు) నవ్వండి, నవ్వండి. హెప్సిబా అయితే ఈ మాట విన్నప్పటి నుంచి ఇంకా ఆపలేదు.

ఫెబీ ఆ దూదంతా పీకి, వైర్లు పెట్టింది. పెట్టాక ఏ కంట్రోలరుకు నెట్‌వర్కులో ఏ అడ్రసు వచ్చిందో తెలియాలి. నేను కాగితం, పెన్ను పట్టుకుని, కుర్చీ వేసుకుని, ఒక్కో పెట్టె ముందూ కూర్చుని రాసుకుందామని బయలుదేరాను. ఒక వారం పని అనుకున్నాను. ఆమె తన సీటులోంచి లేవకుండా నల్లటి తెర మీద ఒక్క లైను కమాండు కొట్టింది. వీధిలో ఒక్కో గడప ముందు నిలబడి "ఇంట్లో ఎవరన్నా ఉన్నారా?" అని కేకేసుకుంటూ పోయినట్టు, ఆ కమాండు మన కాలేజీలో ఉన్న ప్రతి అడ్రసునూ పిలుస్తుంది. కంట్రోలర్ ఉన్న చోటి నుంచి ఉన్నానని జవాబు వస్తుంది, మిగతావి పలకవు. నేను కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకునే లోపల జవాబులన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. అందులో సగానికి పైగా వాటికి, తయారుచేసిన కంపెనీ పెట్టిన పాస్‌వర్డు కూడా మారలేదని అప్పుడే తెలిసింది. సర్వర్ రూముకు రెండు తాళాలు వేసి, రెండూ లాగి చూసి గానీ ఇంటికి పోని నేను, లోపల మాత్రం తలుపు బార్లా తెరిచి పెట్టాను. ఆ పాస్‌వర్డులన్నీ ఆ రోజే ఫెబీ మార్చింది.

అసలు విషయం అది కాదు. రూములో ఉన్నవి తొమ్మిది సర్వర్లు. పలికినవి పది. "బాబాయ్, ఒకటి ఎక్కువ పలుకుతా ఉంది," అంది. నీ కమాండే తప్పు పొమ్మన్నాను. మళ్లీ కొట్టింది, మళ్లీ పదే. నేను చర్చిలో సంఘ పెద్దను, దయ్యాలను నమ్మకూడదు. అయినా ఆ పూట ఒక్కణ్ణే ఆ రూములో కూర్చోలేక క్యాంటీనుకు పోయి టీ తాగి వచ్చాను. ఇంతలో ఆమె ఇంకో కమాండు కనిపెట్టింది. అది కొడితే, ఆ పెట్టె ఎక్కడున్నా సరే, ముందు వైపు చిన్న నీలం దీపం ఆరిపోతూ వెలుగుతూ ఉంటుందట. ఇంకేం, నేనూ ఫెబీ, మన ఎలక్ట్రీషియన్ మాల్యాద్రీ, నీలం దీపం కోసం కాలేజీ అంతా గాలించాం. లైబ్రరీలో బీరువాల వెనక చూశాం. మేడం గారి రూములో బల్ల కింద చూశాం. మేడం గారు అప్పుడు బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు. ఆ రోజు ఏమీ అడగలేదు గానీ, ఏమనుకున్నారో ఇవాళైనా చెప్పాలి. (నవ్వులు)

చివరికి దొరికింది. ఎక్కడో కాదు, ఇదిగో, ఈ వేదిక వెనకే, ఈ తెర చాటున, ఆంప్లిఫయరు కింద. మాల్యాద్రి ఆశ్చర్యపోయాడు. "అది ఆంప్లిఫయరు స్టాండు గదా సార్! చెమ్మ తగలకుండా ఉంటాదని నేనే కింద పెట్టినా," అన్నాడు. కరోనా రోజుల్లో పాఠాలు రికార్డు చేయడానికి తెప్పించిన సర్వరు అది. తెప్పించింది నేను. మర్చిపోయింది కూడా నేనే. కరెంటు ఇచ్చిందీ, వైరు పెట్టిందీ ఎవరూ తీయలేదు కాబట్టి అది ఇన్నేళ్లూ తన పాటికి తాను తిరుగుతూనే ఉంది. ప్రతి ఆయుధ పూజకూ మాల్యాద్రి దానికి బొట్టు పెడుతున్నాడు, నేను పక్కన నిలబడి గుగ్గిళ్లు తింటున్నాను, ఇదేంటిరా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. రామసుబ్బయ్య గారి ప్రతి రిపబ్లిక్ డే ప్రసంగం వెనక గుర్రుమని ఒక చప్పుడు వచ్చేది, గుర్తుందా? మైకు మార్చాం, వైర్లు మార్చాం, ఆఖరికి మైకువాణ్ణే మార్చేశాం. అది మైకు కాదు సార్, నేను మర్చిపోయిన సర్వరు ఫ్యాను.

(కాసేపు ఆగి, మంచినీళ్లు తాగి) ఇంతవరకూ నవ్వినందుకు సంతోషం. ఐదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయని నాకు తెలుసు. అయ్యా, మీరు వాచీ చూడకండి, ఇక్కడి నుంచి చెప్పేది మీ గురించే.

పోయిన నెలలో నాకు ఒక బుద్ధి పుట్టింది. దిగిపోయే ముందు, నేను కూడా ఏదో తెలిసినవాణ్ణే అని కరెస్పాండెంట్ గారి దగ్గర అనిపించుకోవాలనిపించింది. ఫెబీని, ఆమె ల్యాప్‌టాప్‌ను వెంటబెట్టుకుని సార్ పలకల ఫ్యాక్టరీ ఆఫీసుకు పోయాను. అక్కడ కూర్చుని కాలేజీలో ఉన్న సర్వర్లన్నింటినీ పిలిచి చూపించాం. ఒకదాన్ని ఆపి, మళ్లీ లేపాం. కమాండ్లు కొట్టింది ఆమె, చేతులు తిప్పుతూ చెప్పింది నేను. సార్ భలే ముచ్చటపడ్డారు. "బలే ఉందే! ఇది ఎక్కడ కూర్చుని అయినా చేయొచ్చునా?" అన్నారు. ఎక్కడి నుంచైనా సార్, హైదరాబాదు నుంచి కూడా చేయొచ్చు అన్నాను నేను, ఛాతీ విరుచుకుని. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అట్లయితే ఇంక ఆ రూముకు మనిషెందుకయ్యా?" అన్నారు.

ఆయన తప్పుగా అడగలేదు. వ్యాపారం చేసినవారు, అట్లాగే అడుగుతారు. మూడు రోజులకు ఆఫీసులో చెప్పారు, నేను దిగిపోగానే నా పోస్టు తీసేస్తున్నారని, హైదరాబాదు కంపెనీ ఒకటి అక్కడి నుంచే చూసుకుంటుందని, ఫెబీ కాంట్రాక్టు ఈ నెలాఖరుకు ముగిసిపోతుందని. ఆ సాయంత్రం కాలేజీ నుంచి పోయేటప్పుడు ఆటోలో ఆమె ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్కటే మాట అంది, "నువ్వేం చేస్తావులే బాబాయ్" అని. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికి పోయి హెప్సిబాకు చెబితే, ఆమె మాత్రం తిట్టింది. "నీ గొప్ప నువ్వు చెప్పుకొనొచ్చినావు. ఆ పిల్ల నోటికాడి కూడు పాయె," అంది. అప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. ఈ శాలువా కప్పుతుంటే సిగ్గేసింది. ఇది మర్యాదకు చెప్పే మాట కాదు, నిజంగా సిగ్గేసింది.

అయ్యా, రామసుబ్బయ్య గారూ, ఆ రోజు మీరడిగిన ప్రశ్నకు నాకు జవాబు తోచలేదు. పోయిన మంగళవారం తోచింది. నాకు తోచలేదు, ఎలుక చెప్పింది. హైదరాబాదు కంపెనీవాళ్లు ముందు ఒక వారం అక్కడి నుంచి నడిపి చూసి, ఆ తర్వాత ఖాయం చేస్తామన్నారు గదా. మంగళవారం ప్రాక్టికల్స్ మార్కులు ఎక్కించాల్సిన రోజు, ఉన్నట్టుండి నెట్‌వర్కులో సర్వర్లన్నీ కనబడకుండా పోయాయి. హైదరాబాదులో కూర్చున్న బాబు అదే కమాండు కొట్టాడు. ఒక్కటీ పలకలేదు. మళ్లీ కొట్టాడు, పలకలేదు. అప్పుడు ఆయన ఆఫీసుకు ఫోను చేసి ఏమన్నాడో తెలుసా సార్? "సైట్‌లో ఎవరన్నా ఉన్నారా అండీ?" అన్నాడు. ఉంది సార్. ఫెబీ ఉంది. మెట్ల కింద, పడుకుని దూరితే తప్ప చేయి అందని చోట, ఎలుక కొరికేసిన వైరును మాల్యాద్రి టార్చి పట్టుకుంటే వెతికి, తీసి, కొత్తది వేసి, దుమ్ము కొట్టుకున్న మొహంతోనే వచ్చి కూర్చుని, మీ పిల్లల మార్కులు సాయంత్రం లోపల ఎక్కించింది. ఆ పూట నేను ఎక్కడున్నానంటారా? ఈ సభకు వేసుకునే చొక్కా ఇస్త్రీ చేయించుకోవడానికి పోయాను. (నవ్వులు)

ఆ కమాండు గొప్పదే, నేను కాదనను. ఏ పెట్టె బతికి ఉందో చెబుతుంది, పడిపోయినదాన్ని లేపుతుంది. కానీ వైరు తెగితే దాని మాట ఎవరికీ వినబడదు. తెగిన వైరు దగ్గరికి నడిచిపోయేవాళ్లు ఒకరు మార్కాపురంలో ఉండాలి. అంతకన్నా పెద్ద వాదన నా దగ్గర లేదు.

ఇక ఒక్క పని మిగిలింది. దిగిపోయేవాడు తన ఛార్జి ఎవరికో ఒకరికి ఇచ్చి పోవాలి, అది రూలు. నీ తర్వాత ఎవరూ లేరు అంటోంది ఆఫీసు. లేనివాళ్లకు ఛార్జి ఎట్లా ఇవ్వాలో నాకు ఎవరూ నేర్పలేదు. అమ్మా ఫెబీ, స్తంభం చాటు నుంచి ఇట్ల రా. రామ్మా, అందరూ చూస్తే ఏమైతాదిలే. మాల్యాద్రీ, దారి ఇయ్యి. (చప్పట్లు) ఇవి రూము తాళాలు. పట్టుకో. సార్ వైపు చూడబాకు, నా వైపు చూసి పట్టుకో.

అయ్యా, తాళాలు ఇస్తే ఉద్యోగం ఇచ్చినట్టు కాదని నాకు తెలుసు. ఉద్యోగం ఇచ్చేది మీ సంతకం. నేను ఈ కాలేజీలో ఇన్నేళ్లున్నాను, నాకంటూ ఏదీ అడగలేదు, ఇవాళ అడుగుతున్నాను. నా కుర్చీలో ఈ పిల్లను ఉంచండి. సోమవారం లోపల ఆర్డరు రాలేదంటే, పది గంటలకల్లా ఆ కుర్చీలో మళ్లీ నేనే వచ్చి కూర్చుంటాను. జీతం వద్దు, ఊరికే చేస్తాను. నా పనితనం ఎట్లాంటిదో ఇంతసేపూ మీరే విన్నారు. (పెద్దగా నవ్వులు, చప్పట్లు) మీరు నవ్వుతున్నారు సార్, నేను బెదిరిస్తున్నాను.

నన్ను భరించిన మీ అందరికీ, నా బస్సు ప్రయాణాలు భరించిన హెప్సిబాకు, నాకు బుద్ధి చెప్పిన ఫెబీకి మనసారా కృతజ్ఞతలు. ఇక సెలవు. నాకొక్కడికే.