రెండు గడియారాల నడుమ ఫక్రున్నీసా గారు

1989 నవంబరు 14న మన నాడీ పరిశోధనా కేంద్రంలో ఈఈజీ టెక్నీషియన్‌గా చేరిన శ్రీమతి ఫక్రున్నీసా గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ అభినందన వ్యాసం రాయమని నాకు పురమాయించి పదిహేను రోజులైంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఆనందంగా రాయాలట! నాకైతే కాళ్ళూ చేతులూ ఆడడం లేదు.

తొలినాళ్ళలో వారు, సిరా కలాలు కాగితపు చుట్టలపై గీసే మెదడు తరంగాలను స్కేలుతో కొలిచేవారు. కంప్యూటర్లు వచ్చాక, నలభై ఏళ్ళ వయసులో, తమకన్నా చిన్నవారి పక్కన కూర్చుని ప్రోగ్రాములు రాయడం అభ్యసించారు. 2014లో రెండు రికార్డింగు యంత్రాలను ఏకకాలంలో నడిపే విధానం వచ్చినప్పుడు, ఆ రెంటి కాలాన్నీ అనుసంధానించే గురుతర బాధ్యత వారికే దక్కింది. రోగి తలకు ఎడమవైపు తీగలు ఒక యంత్రానికి, కుడివైపువి మరొకదానికి. దేని గడియారం దానిదే. అందుకని ఒక చిన్న పెట్టె పది సెకన్లకొకసారి రెంటికీ ఒకే క్షణంలో సంకేతం పంపేది. ఆ సంకేతాలు పడిన సమయాలను రెండు ఫైళ్ళలోంచి వెలికితీసి జతపరిస్తేనే, మూర్ఛ ఏ వైపు ముందు పుట్టిందో తెలుస్తుంది. డాక్టర్లు శస్త్రచికిత్స చేసేది ఆ వైపే.

2021లో ఉయ్యూరు నుంచి వచ్చిన పద్నాలుగేళ్ళ అక్షయ రికార్డింగు నా చేతికిచ్చారు. నేను మొదటి సంకేతానికి మొదటి సంకేతం జతపరిచి, ఎడమవైపే ముందని తేల్చి, దర్జాగా వారి ముందు పెట్టాను. ఆ పిల్లకు మాటకు ఆధారమైన భాగం కూడా ఎడమవైపే ఉంది. అక్కడ కత్తి పడితే మాట పోవచ్చు. మేడం సంతకం పెట్టకుండా తెరను ముందుకూ వెనక్కూ జరుపుతూ కూర్చున్నారు.

వారికో అలవాటుంది. రికార్డింగు నడుస్తుండగా ప్రతి రోగికీ ఓ చెగోడీ ఇచ్చి నమలమంటారు. దవడ ఆడితే రెండువైపులా గీతలు ఎగిరిపడతాయి. మేము వెనకాల నవ్వుకునేవాళ్ళం.

"ఏమయ్యా స్టీఫెనూ, ఒక్క చెగోడీని ఎడమ దవడతో ఇప్పుడూ, కుడి దవడతో పది సెకన్లాగీ నమిలిందా ఈ పిల్ల?" అన్నారు.

రెండు ఫైళ్ళూ మళ్ళీ తెరిచాను. ఎడమ యంత్రం ఆలస్యంగా మొదలై తొలి సంకేతాన్ని అందుకోనే లేదు. అందులో మొదటిదని నేననుకున్నది నిజానికి రెండోది. సరిదిద్ది చూస్తే మూర్ఛ పుట్టింది కుడివైపు! బయట బెంచీ మీద కూర్చున్న అక్షయ తల్లి రామతులసి గారి మొహం ఆ రోజు చూడలేకపోయాను. మేడం ఆ సాయంత్రమే పెట్టెను మార్చి, సంకేతాల మధ్య వ్యవధి ప్రతిసారీ వేరుగా ఉండేలా చేశారు; ఏ సంకేతానికి ఏది జతో ఇక ఆ వ్యవధిని బట్టే తెలిసిపోతుంది. నా తప్పు మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేనే ఇప్పుడు చెబుతున్నాను. కుడివైపే శస్త్రచికిత్స జరిగిన అక్షయ ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఫోన్ చేసిందంటే గంటసేపు వదలదు.

మరో ఏడాది కొనసాగమని యాజమాన్యం సాదరంగా అభ్యర్థించినా వారు అంగీకరించలేదు. నాకు ఒళ్ళు మండింది. "రేపు నేను మళ్ళీ పొరపాటు చేస్తే చూసేదెవరండీ?" అని నిలదీశాను.

"నేను చూస్తానులే అన్న ధీమాతోనే కదయ్యా, ఆ రోజు నువ్వు చూడలేదు," అన్నారు.

సోమవారం హనుమాన్ జంక్షన్ నుంచి కొత్త రోగి వస్తున్నారు. సంతకం నాది. భయంగానే ఉంది, చూసే పెడతాను. మేడం, మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, నిశ్చింతగా నిండు నూరేళ్ళు ఉండండి. మా దగ్గర్నుంచి ఫోను రాలేదంటే మరిచిపోయామనుకోకండి, మేమే చూసుకుంటున్నామని అర్థం.

— స్టీఫెన్, సిగ్నల్ విశ్లేషణ విభాగం