నడిచేవాళ్ళ మోకాలు

చాచక్ ఊరి ఆసుపత్రి. మోకీలు మార్పించుకోవడానికి చేరిన దెసాంకా మంచం పక్కన ఆమె అక్క కూతురు ఒలివెరా తల వంచుకుని కూర్చుంది. ఆ కృత్రిమ మోకీలును కంప్యూటర్లో రూపొందించింది ఒలివెరాయే.

"మళ్ళీ చెప్పు. నీ మోకాలు నాకొద్దా?"

"వద్దు పిన్నీ. వేరే కంపెనీది పెట్టమని అడుగు."

"అదేంటే! మా ఒలివెరా చేసిన మోకాలని ఊరంతా చాటుకున్నాను."

"తెలుసు."

"మరి?"

"నీకు సరిపోదు, అంతే."

"సరిపోకపోవడానికి అదేమన్నా కాలి చెప్పా? నా మొహం చూసి చెప్పవే."

"లోహం మీద ప్లాస్టిక్ జారుతుంది కదా. అవి ఎక్కడ ఆనుకుంటాయో, ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కగట్టి, నడకలో అరగకుండా వంపు దిద్దాను. అరుగుదల బాగా తగ్గింది. బహుమతి కూడా ఇచ్చారు."

"నేనే కదే ఆ రోజు గిబానిత్సా పిండివంట చేసి వీధంతా పంచింది!"

"నడిచేవాళ్ళకి మంచిదే పిన్నీ. గొంతుక్కూర్చుంటేనే... బరువంతా సన్నటి అంచు మీద పడుతుంది. ప్లాస్టిక్ చిట్లిపోతుంది. నువ్వేమో స్ట్రాబెర్రీ కోతల్లో పొద్దంతా అలాగే ఉంటావు."

"ఎప్పుడు తెలిసింది?"

"మొన్న చలికాలంలో."

"మీ కంపెనీవాళ్ళకి చెప్పావా?"

"మా పెద్దాయనకి చెప్పాను. 'ఈ రోజుల్లో ఎవరమ్మా గొంతుక్కూర్చునేది?' అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"నవ్వాను."

"నవ్వావా?"

"ఆయన నవ్వాడని నవ్వాను. తల్చుకుంటే చచ్చిపోవాలనిపిస్తోంది పిన్నీ."

"పిన్ని మోకాలు కాబట్టి పరిగెత్తుకొచ్చావు. ఊళ్ళోవాళ్ళ మోకాలైతే?"

"అలా అనకు."

"అనకేం చెయ్యను? పద, డాక్టరుకి చెప్పు."

"నేను చెప్పలేను. ఉద్యోగం పోతుంది. నువ్వే అడుగు, కారణం మాత్రం చెప్పకు. ఇంకాసేపట్లో నిన్ను తీసుకెళ్తారుగా."

"నా ఆపరేషన్ రేపటికి మార్పించుకున్నాను."

"హమ్మయ్య! అయితే టైముంది."

"ఎవరికే టైముంది? నా వంతు మిలుంకాకి ఇచ్చాను. నా పక్క సాలులో కోత కోసే మిలుంకా. మీ మోకాలు పెడతామంటే భయపడింది. మా పిల్ల చేసింది, కళ్ళు మూసుకుని పెట్టించుకో అని ఒప్పించాను. ఇప్పుడే ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. నువ్వు పరిగెడతావా, ఈ కాలితో నన్ను పరిగెత్తమంటావా?"