వణకని చుక్క

చుక్కలక్కకి ముప్పై తొమ్మిదేళ్ళు. ఎవరు మాట్లాడుతున్నా అడ్డు రాదు. ఆ పేరు చెల్లెళ్ళు పెట్టింది. డాబా మీద టెలిస్కోపు పెట్టుకుని నెబ్యులాల, అంటే చుక్కల మధ్య మెరిసే మేఘాల, ఫొటోలు తీసేది ఆమె. తనే తీశానని టీ కొట్టు దగ్గర చెప్పుకునేది మొగుడు.

"గైడింగంటే ఆషామాషీ అనుకున్నారా?" అన్నాడతను ఆ రోజు, ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, గ్లాసు బల్ల మీద కొట్టి. "భూమి తిరుగుతుంటే చుక్క జారిపోతూ ఉంటుంది. టెలిస్కోపు దాన్నే పట్టుకుని వెంట పోవాలి. మోటారుని నమ్మితే అయినట్టే! ఊపిరి బిగబట్టి, వేలితోనే నడిపా. ఏమే, చూశావుగా?"

"చూశాను," అంది చుక్కలక్క.

చూడలేదంటే? కిందటిసారి ఎవరో నవ్వినందుకు ఇంటికెళ్ళి ఆమె కెమెరాని డాబా మీంచి విసిరేశాడు. ఈసారి నిన్నే, అన్నాడు. అంటూ ఆమెని పిట్టగోడ దాకా నెట్టుకెళ్ళాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మబ్బు కమ్మింది. టెలిస్కోపు గొట్టంతో పక్కకి తోసేశా!"

"మబ్బునా?" అంది ఎదురు బల్ల దగ్గర టీ తాగుతున్న టీచరమ్మ.

"మబ్బునే! తర్వాత కంప్యూటర్లో ఫొటోలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, నలుపులోంచి వెలుగుని లాగాను, లాగాను, ఎంత లాగానంటే, నెబ్యులా వెనకాల ఇంకో సూర్యుడు, పక్కన ఓ భూమి, దాని మీదో డాబా, డాబా మీంచి ఒకడు నాకేసే టెలిస్కోపు పెట్టి చూస్తున్నాడు!"

"వాడికీ పెళ్ళాం ఉందా?" అన్నాడు కళ్ళజోళ్ళ షాపాయన.

"ఉంది. నోరెత్తదు."

అందరూ నవ్వారు. అతని చెయ్యి ఆమె మెడ మీద వాలింది. చూసేవాళ్ళకి ముద్దుగానే ఉంటుంది. బొటనవేలు ఎక్కడ నొక్కుతోందో ఆమెకే తెలుసు.

"నమ్మరా? ఇదిగో గైడింగ్ గీత, చుక్క ఎంత కదిలిందో కంప్యూటరు గీసింది," అని ఫోను చూపించాడు. "చుక్క వెంట్రుకవాసి కదిలితే ఒట్టు! స్కేలు పెట్టి గీసినట్టు లేదూ?"

చుక్కలక్క ఫోనులోకి చూసింది. తను ఇంట్లో లేనప్పుడు అతను ఒంటరిగా తంటాలు పడ్డనాటి గీత అది.

"ఏమ్మా, నిజంగా ఇంత తిన్నగా వస్తుందా?" అని టీచరమ్మ ఆమెనే అడిగింది.

అతని బొటనవేలు మెడలోకి ఇంకా దిగింది. ఆమె చుట్టూ చూసింది. ఇక్కడ ఇంతమంది ఉన్నారు. డాబా మీద ఎవరూ ఉండరు.

"రాదండీ. పైన గాలి కదులుతుంటుంది కదా, అసలు చుక్కయితే వణుకుతుంది. ఇది చుక్క కాదు, కెమెరాలో చెడిపోయి ఎప్పుడూ ఒకేచోట వెలిగే పిక్సెల్. కంప్యూటరు దాన్నే చుక్కనుకుని పట్టుకుంది." ఆమె టీచరమ్మ కేసే చూసింది. "ఈయన టెలిస్కోపు మూత తియ్యలేదు."

కొట్టంతా గొల్లుమంది. అతనూ నవ్వాడు, అందరికంటే గట్టిగా.

"ఇంటికి పద," అన్నాడు మెల్లగా, చెయ్యి తియ్యకుండానే.

టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. ఆమె ఆ చేతినే చూస్తోంది.

"రాను," అంది చుక్కలక్క.

ఆ సాయంత్రం ఆమె టీచరమ్మ ఇంటికి వెళ్ళింది. తర్వాత పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చి తన టెలిస్కోపు తీసుకుపోయింది.