వెల్లకిలా పడిన చేప: ఎయ్‌విందుర్ గారి పదవీ విరమణకు

1983వ సంవత్సరం ఏప్రిల్ పదకొండవ తేదీ, సోమవారం ఉదయం, మెల్‌వీక్ మండల వాహన కర్మాగారంలోని గేర్ల విభాగంలో శ్రీ ఎయ్‌విందుర్ ఒద్సన్ గారు ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి వారి వయస్సు ఇరవై ఏడు. చేతిలో ఎండుచేపల పొట్లం, జేబులో సుద్దముక్క. ఆ రోజు తలుపులు మూసుకుపోయేంత మంచు పడిందనీ, ఆయన పొగగొట్టంలోంచి దిగి, మసిముఖంతోనే హాజరు వేయించుకున్నారనీ నేను నలభై ఏళ్లుగా చెబుతున్నాను. అది అబద్ధం. ఆయన పక్క తలుపులోంచి వచ్చారు, బూట్లు విదిలించుకుని మరీ వచ్చారు. ఈ వ్యాసంలో ఉన్న అబద్ధం ఇదొక్కటే. దాన్నీ మీ కళ్లముందే తీసేశాను.

సంచిక కమిటీవారు నన్ను పిలిచి, "లోఫ్తుర్, నువ్వయితే సరదాగా రాస్తావు, రెండు పుటలు రాసిపెట్టు" అన్నారు. గేర్ల విభాగంలో వారి పక్క బల్ల నాది. మూడేళ్ల క్రితం నేను పదవీ విరమణ చేసినా, పొద్దున పదింటి కాఫీకి మాత్రం ఈనాటికీ తప్పకుండా వస్తున్నాను కనుక, వారిని గూర్చి రాయడానికి నాకంటే అర్హుడు లేడని కమిటీ భావించింది. ఆ భావన నిజమే. అయితే కారణం కమిటీకి తెలియదు.

వారి విద్య ఎటువంటిదో ముందుగా చెప్పాలి. మన ప్రాంతంలో శీతకాలం వచ్చిందంటే బండికి పెద్ద టైర్లు వేయనివాడు ఇల్లు కదలలేడు. ముప్పై మూడు అంగుళాల టైరు తీసి ముప్పై ఎనిమిది వేయడం చేతిలో జాకీ ఉన్న ఎవడైనా చేస్తాడు. కానీ పెద్ద టైరు ఒక్క చుట్టులో ఎక్కువ నేల కొలుస్తుంది. ఆ భారమంతా వెళ్లి ఇంజను మెడమీద కూర్చుంటుంది. ఆ మెడ తేలికపడాలంటే ఇరుసు లోపలి గేర్లు మార్చాలి. చక్రం ఒకసారి తిరగడానికి ఇంజను నుంచి వచ్చే కడ్డీ ఎన్నిసార్లు తిరగాలో తేల్చేది ఆ గేర్ల పళ్లే. పాత నిష్పత్తిని కొత్త టైరు ఎత్తుతో హెచ్చించి పాత టైరు ఎత్తుతో భాగిస్తే చాలని పుస్తకం చెబుతుంది. ఎయ్‌విందుర్ గారు పుస్తకంతో సరిపెట్టుకునేవారు కారు. టైరుమీద సుద్దతో గీత గీసి, బండిలో మనుషులనూ సామానునూ నింపి, గాలి సగం తీసి, నేలమీద ఒక్క చుట్టు దొర్లించి, గీతకూ గీతకూ మధ్య దూరాన్ని టేపుతో కొలిచేవారు.

ఒకనాడు సామాను చాలక మా మేనేజరు రూనోల్ఫుర్ గారినే బండి ఎక్కించారు.

"ఏమయ్యా, నేనేమన్నా బస్తానా?" అన్నాడాయన.

"బస్తా అయితే కదలకుండా కూర్చుంటుంది. మీరు తలకాయ బయటపెట్టకండి, కొలత మారిపోతుంది" అన్నారు ఎయ్‌విందుర్ గారు, గీత మీంచి చూపు తిప్పకుండానే.

1990 నాటికి వారు విభాగానికి పెద్ద అయ్యారు. ఈ తీరమంతటా వారి చేతిమీదుగా వెళ్లిన ఇరుసు కూతపెట్టింది లేదు, విరిగింది లేదు. మన దగ్గర ఒక ఆచారముంది: గేర్లు కూర్చినవాడు ఇత్తడి బిళ్లమీద నిష్పత్తి చెక్కి, దాని పక్కన తన సొంత ముద్ర కొట్టి, ఇరుసు మూతకు బిగిస్తాడు. ఆ ముద్ర విభాగాధిపతిదైతే తనిఖీ అధికారి ఇరుసు విప్పి చూడడు. ఎయ్‌విందుర్ గారి ముద్ర చిన్న చేప. ఆ ముద్ర కొట్టే ఉలి ఆయన స్వయంగా సానపట్టుకున్నదే. ముద్ర కొట్టాక బొటనవేలితో ఒకసారి తడిమి చూసుకునేవారు.

ఇక 1997వ సంవత్సరం. చాలామంది సంచికల్లో ఈ సంవత్సరాన్ని దాటేసి రాస్తారు. నేను కూడా దాటేశాను, రూనోల్ఫుర్ గారు పదవీ విరమణ చేసినప్పుడు. ఆ వ్యాసం పదకొండు పుటలు, అన్నీ పొగడ్తలే.

ఆ జనవరిలో కొండప్రాంతపు అత్యవసర వైద్యబండికి ముప్పై మూడు తీసి ముప్పై ఎనిమిది అంగుళాల టైర్లు వేయమని ఉత్తర్వు వచ్చింది. పాత గేర్లు 4.10. లెక్క ప్రకారం 4.72 రావాలి, అటువంటి గేర్లను ఎవరూ తయారుచేయరు. దొరికేవి రెండు: 4.56, 4.88. మెత్తటి మంచు, లోపల రోగి, పడక, ఇద్దరు సిబ్బంది. ఇవన్నీ ఉన్న బండికి 4.88 తప్ప మరొకటి పెట్టకూడదని ఎయ్‌విందుర్ గారు తేల్చారు. వెనక ఇరుసుకు 4.88 దొరికింది, వారే కూర్చి ముద్ర వేశారు. ముందు ఇరుసు వేరే రకం. దానికి సరిపోయేవి మా అరలో 4.56 మాత్రమే ఉన్నాయి.

"అవే వెయ్యండి," అన్నారు రూనోల్ఫుర్ గారు. "అంతా మంచే కదా. తేడా ఎవడికి తెలుస్తుంది?"

"మంచుమీద చక్రం జారి తేడాని మింగేస్తుంది. పొడినేల తగిలిందంటే ముందు చక్రాలొక లెక్క, వెనకవొక లెక్క. మధ్యలో రెండు ఇరుసులకూ శక్తి పంచే పెట్టె పగిలి చస్తుంది. నేను వెయ్యను."

"వసంతంలో మార్చేద్దామయ్యా!"

"అయితే వసంతంలోనే ఇవ్వండి బండి."

మరుసటి రోజు ఎయ్‌విందుర్ గారికి జ్వరం తగిలింది. నాలుగు రోజులు మంచం దిగలేదు. రెండో రోజున రూనోల్ఫుర్ గారు నా బల్ల దగ్గరికి వచ్చి, "లోఫ్తుర్, నువ్వయినా మనిషిలా మాట విను" అన్నారు. నేను విన్నాను. ముందు ఇరుసులో 4.56 గేర్లు కూర్చినది నేను. బిళ్లమీద 4.88 అని చెక్కినది నేను. నా ముద్ర కొడితే తనిఖీ అధికారి విప్పి చూస్తాడని, ఎయ్‌విందుర్ గారి సొరుగు తెరిచి, వారి చేప ఉలి తీసి, ఒక్క దెబ్బ కొట్టినది కూడా నేనే. వారు తిరిగి వచ్చేసరికి బండి తనిఖీ దాటి వెళ్లిపోయింది. 4.88 గేర్లు దక్షిణం నుంచి వచ్చాయనీ, వారి లెక్క ప్రకారమే కూర్చామనీ, పద్దులో పేరు కూడా వారిదే రాశామనీ మేము చెప్పాము. వారు నమ్మారు.

రెండు నెలలపాటు బండి అద్భుతంగా నడిచింది. అంతా మంచే.

మార్చి పద్నాలుగున వెచ్చటి గాలి వీచింది. ఆ మధ్యాహ్నం ఆస్బ్యోర్న్ అనే యువరైతు కాలు ట్రాక్టరు కింద పడింది. బండి కొండదారిన వెళ్లి అతణ్ణి ఎక్కించుకుని తిరుగుముఖం పట్టింది. పైన మంచు, కింద కరిగి ఎండిన తారురోడ్డు. ఆ రోడ్డుమీదికి దిగగానే నాలుగు చక్రాలూ ఒకదానితో ఒకటి పెనుగులాడాయి. ముందు చక్రాల పట్టు వదిలించే లివరు బిగుసుకుపోయి డ్రైవరు చేతికి రాలేదు. మూడు కిలోమీటర్లు పోగానే మధ్య పెట్టె పగిలింది. మరో బండి చేరడానికి రెండున్నర గంటలు పట్టింది. ఆస్బ్యోర్న్ ప్రాణం దక్కింది, మోకాలి కింద కాలు దక్కలేదు.

విచారణలో ఇరుసు విప్పారు. బిళ్లమీద ఒక అంకె, లోపల మరొకటి.

"ఈ చేప ఎవరిది?" అని అడిగారు.

"ఉలి నాదే," అన్నారు ఎయ్‌విందుర్ గారు. బిళ్లను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తరువాత నావైపు చూశారు. నేను నా కాఫీ కప్పులోకి చూశాను.

ఆ రోజుల్లో జ్వరంతో మంచంమీద ఉన్నానని కూడా వారు చెప్పుకోలేదు. పళ్లు లెక్కపెట్టడంలో అజాగ్రత్త అని విచారణవారు రాసుకున్నారు. వారిని గేర్ల విభాగం నుంచి తొలగించి టైర్ల పాకకు పంపారు. నిన్నటి వరకూ, ఇరవై ఏడు సంవత్సరాలపాటు, ఈ తీరంలోకెల్లా మేలైన చెయ్యి పంచర్లు అతికించింది.

అంతటితోనైనా ఆగానా? మరుసటి జనవరిలో మన నడిచలికాలపు విందు జరిగింది. ఏడాది పొడుగునా జరిగిన తప్పులన్నింటినీ వేదికమీద వెక్కిరించే ఆనవాయితీ మీకు తెలిసిందే. గుండెలో ముల్లు గుచ్చుకుంటున్నవాడికి నవ్వించాలన్న ఆత్రం ఎక్కువ. నేను లేచి ఒక కథ అల్లాను: ఎయ్‌విందుర్ కూర్చిన బండి ముందు ఇరుసు గురువారం ఊరు చేరిందట, వెనక ఇరుసు శుక్రవారం చేరిందట, మధ్యలో కూర్చున్న డ్రైవరు రెండు ఊళ్లలో రెండు భోజనాలు చేశాడట. హాలు కూలిపోయేలా నవ్వారు. ఎయ్‌విందుర్ గారూ నవ్వారు. వారి భార్య సాల్వోర్ గారు మాత్రం పళ్లెం పక్కకు జరిపి లేచి వెళ్లిపోయారు. ఆనాటి నుంచి వారి పేరు "గురువారం". నిన్న మొన్న చేరినవాళ్లు కూడా, ఎందుకో తెలియకుండానే, "గురువారం, ఈ టైరు చూడు" అంటున్నారు. వారు చూస్తున్నారు.

ఈ వ్యాసం రాయవలసి వచ్చి పోయిన ఆదివారం వారి ఇంటికి వెళ్లాను. సాల్వోర్ గారు కాఫీ, నూనెలో వేయించిన తీపి క్లెయినాలూ ముందు పెట్టి, వెళ్లి కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చున్నారు.

"నామీద రాస్తున్నావంటగా," అన్నారు ఎయ్‌విందుర్ గారు. "పొగగొట్టం కథేనా?"

"ఎయ్‌విందుర్, ఆ చేప కొట్టింది నేను."

ఆయన క్లెయినాను కాఫీలో ముంచి, నింపాదిగా తిన్నారు.

"తెలుసురా."

"ఎప్పట్నుంచి?"

"విచారణలో బిళ్ల చేతికిచ్చినప్పట్నుంచి. నా చేప పొట్ట కిందికి ఉంటుంది. నువ్వు ఏ ఉలినైనా తిరగేసి పట్టుకుంటావు. వెల్లకిలా పడింది. చచ్చిన చేపలాగ."

"మరి చెప్పొచ్చుగా!"

"నేనెందుకు చెప్పాలి? కొట్టింది నువ్వు." కప్పు కింద పెట్టారు. "రోజూ పదింటికి కాఫీకి వచ్చేవాడివి. ఇవాళ చెప్తాడు, ఇవాళ చెప్తాడు అనుకునేవాణ్ణి. తర్వాత తర్వాత అనుకోవడం మానేశాను."

కిటికీ దగ్గర నుంచి సాల్వోర్ గారు అన్నారు: "నేను మానలేదు."

"ఇప్పుడు రాస్తాను," అన్నాను. "మొత్తం రాస్తాను."

"రాయి," అన్నారు ఎయ్‌విందుర్ గారు. "ఈసారి నవ్వించకు."

క్షమించానని వారు అనలేదు. అన్నట్టుగా రాసి ఈ పుటలకు శోభ తేవడం నాకు చేతనవును, కానీ రాయను.

మరునాడు ఆస్బ్యోర్న్ గారి పొలానికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఆయన గుమ్మంలోనే నిలబడి విన్నాడు. "ఆ మనిషి చేత్తో టైరు వేయించుకోకూడదని ఇన్నేళ్లూ ఎనభై కిలోమీటర్లు పోయి వేరేచోట వేయించుకున్నాను," అన్నాడు. "సహకార దుకాణంలో ఎదురుపడితే ఆయనే పక్కకి తప్పుకునేవాడు. తప్పు చేసినవాడు గనకే తప్పుకుంటున్నాడనుకున్నాను." తలుపు వేసుకున్నాడు. వేసుకునే హక్కు ఆయనకుంది.

కనుక సహోద్యోగులారా, 2024 మే ముప్పై ఒకటవ తేదీన పదవీ విరమణ చేస్తున్న శ్రీ ఎయ్‌విందుర్ ఒద్సన్ గారి నలభై ఒక్క సంవత్సరాల సేవలో ఒక్క తప్పుడు ఇరుసు కూడా లేదని ఈ సంచిక ముఖంగా తెలియజేస్తున్నాను. ఉన్న ఒక్కటీ నాది.

వారు నిండు ఆరోగ్యంతో, చెవుల చురుకు తగ్గకుండా, సాల్వోర్ గారి తోడుగా సుదీర్ఘకాలం జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. ఈ కర్మాగారంలో వారిని "గురువారం" అని పిలిచినవారు నా లెక్కకు నూట పది మందికి తక్కువ కాదు. ప్రతి ఒక్కరూ విడివిడిగా వారి గుమ్మం తొక్కి, తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలిచి వచ్చేదాకా సరిపడే ఆయుష్షు వారికి కలగాలి. పొద్దున పదింటికి వారింట్లో కాఫీ పొయ్యిమీద ఉంటుంది. వెళ్లండి. నేను తీసుకున్నంత కాలం తీసుకోకండి.

— లోఫ్తుర్, గేర్ల విభాగం (విశ్రాంత)